ప్లేటింగ్‌కు పంపిన ఇనుము: చలాన్‌లో పీసులు, కాటా మీద కేజీలు

కర్నూలులో బండి తుంగభద్ర వంతెన దాటిందంటే తెలంగాణలో ఉన్నట్టే. కల్లూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చేసిన బ్రాకెట్లు జింకు ప్లేటింగ్ కోసం హైదరాబాద్ పోతున్నాయనుకోండి. సరుకు విలువ పన్నెండు వేలే. "యాభై వేల లోపలే కదన్నా, వే బిల్లు ఎందుకు?" అంటాడు ట్రాలీ తోలే అబ్బాయి. మామూలు అమ్మకం సరుకైతే వాడి మాట చాలావరకు నిజం. జాబ్ వర్క్‌కు, అంటే ఇంకొకరి చేత పని చేయించడానికి పంపే సరుకుకు, ఆ మాట చెల్లదు. ఒక రాష్ట్రంలో ఉన్న యజమాని ఇంకో రాష్ట్రంలో ఉన్న జాబ్ వర్కర్‌కు సరుకు పంపితే, విలువ ఎంతైనా సరే ఈ-వే బిల్లు (బండి వెంట ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం) ఉండి తీరాలని జీఎస్టీ 138వ నియమంలోనే ఉంది. పన్నెండు వేలైనా, పన్నెండు వందలైనా అంతే. హిందూపురం నుంచి కర్ణాటకలోని పీణ్యాకో గౌరీబిదనూరుకో పంపేవాళ్ళకూ ఇదే లెక్క. మన సీమలో సగం ఊళ్ళు సరిహద్దు పక్కనే ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క తప్పు మనవాళ్ళకు పడినంతగా కోస్తా వాళ్ళకు పడదు. బండి ఆపాక యజమాని ముందుకొచ్చి సరుకు విడిపించుకోవాలంటే, ఆ సరుకు మీద వచ్చే పన్నుకు రెండింతలు జరిమానా కట్టాలి.

జింకు ప్లేటింగ్, నికెల్ క్రోమ్, హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచడం), పౌడర్ కోటింగ్, అల్యూమినియం యానోడైజింగ్, ఫాస్ఫేటింగ్, బఫింగ్ (అరగదీసి మెరిపించడం). పని చేసేవాడికి లోహం మీద చేసే ఈ పనులన్నీ వేర్వేరు విద్యలు. పన్ను చట్టానికి మాత్రం అన్నీ ఒకటే: ఇంకొకరి సరుకు మీద చేసిన పని. సరుకు రిజిస్టర్ అయిన ఇంకొక వ్యక్తిదై, దాని మీద మీరు ఏ ప్రక్రియ చేసినా అది జాబ్ వర్క్ అని జీఎస్టీ చట్టం సెక్షన్ 2(68) చెబుతుంది. అలా చేసిన పని సరుకు అమ్మకం కాదు, సేవ అని షెడ్యూల్ 2 చెబుతుంది. జింకు మీది, యాసిడ్ మీది, పౌడర్ మీది అయినంత మాత్రాన అది అమ్మకం అయిపోదు. జాబ్ వర్కర్ సొంత సరుకు కూడా వాడుకోవచ్చని 2018 మార్చి 26న వచ్చిన 38వ నంబర్ సర్క్యులర్‌లో స్పష్టంగా రాశారు.

అందుకే మొదట అడగాల్సిన ప్రశ్న "ఎంత శాతం?" కాదు, "ఇనుము ఎవరిది?" అన్నది. గాల్వనైజింగ్ షాపువాడు నల్ల పైపు తానే కొని, ముంచి, తెల్ల పైపుగా అమ్మితే అది పైపు అమ్మకం. పైపు హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని తెలిపే కోడ్) మీద, పైపు మొత్తం విలువ మీద పన్ను. అదే పైపు కస్టమర్ తెచ్చిచ్చి ముంచి ఇమ్మంటే, ముంచిన కూలి మీద మాత్రమే పన్ను. రెంటినీ కలిపేసి, "పైపు మీరే వేసుకుని ముంచి ఇవ్వండి, బిల్లు మాత్రం జాబ్ వర్క్ అని కొట్టండి" అనే బేరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. అలాంటి బేరంలో ఇద్దరూ ఇరుక్కుంటారు.

శాతం సంగతికి వస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి మారింది. అంతకు ముందు, అంటే 2019 అక్టోబర్ 1 నుంచి, రిజిస్టర్ అయినవాళ్ళ సరుకు మీద చేసే, విడిగా రేటు చెప్పని మిగతా జాబ్ వర్క్ అంతటికీ 12 శాతం ఉండేది. ప్లేటింగ్, కోటింగ్ ఆ "మిగతా" పద్దులోనే పడేవి. ఇప్పుడు ఆ పద్దు 18 శాతానికి పోయింది. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ సరుకు మీద చేసే పనికి ముందునుంచీ 18 శాతమే. గుడి ఇత్తడి గంటలకు పాలిష్ వేసినా, ఇంటి గేటుకు పౌడర్ కొట్టినా 18 అనే వేయాల్సింది. చాలామంది 12 వేసేవాళ్ళు, అది తప్పే. ఇకనుంచి ఆ తేడాకు అర్థం లేదు కానీ, పాత సంవత్సరాల నోటీసులు వచ్చినప్పుడు ఈ తేడానే పట్టుకుంటారు. బిల్లు మీద సేవ కోడ్ 9988. టర్నోవర్ అయిదు కోట్లు దాటినవాళ్ళు ఆరంకెలూ రాయాలి: 998873, లోహ ఉపరితల పనులకు అదే.

రేటు మారిన వారంలో జరిగిన పనులకు ఏ రేటు అన్న ప్రశ్న ఇప్పటికీ ఆడిట్లలో వస్తుంది. సెక్షన్ 14ను గుర్తుంచుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. పని పూర్తి కావడం, బిల్లు, డబ్బు అందడం, ఈ మూడింటిలో రెండు ఏ వైపు పడితే ఆ వైపు రేటు. సెప్టెంబర్ 18న పని అయిపోయి, 20న బిల్లు కొట్టి, డబ్బు అక్టోబర్‌లో వచ్చిందా? రెండు పాత వైపు ఉన్నాయి, 12 శాతం. అదే పనికి బిల్లు 25న కొట్టి, డబ్బు తర్వాత వచ్చిందా? 18 శాతం. పని ముందే అయిపోయింది కదా అని 25వ తేదీ బిల్లుకు 12 వేసినవాళ్ళు ఆ ఆరు శాతం వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

ఇక అసలు చిక్కు. ఈ పనిలో గొడవలన్నిటికీ మూలం లోహం బరువు మారడం. దుస్తులకు రంగు వేయించడానికి పంపితే వంద వెళ్తాయి, వంద వస్తాయి. ఇనుము అలా కాదు. గాల్వనైజింగ్‌కు పోయిన ఇనుము బరువెక్కి వస్తుంది. బఫింగ్‌కు పోయినది తరిగి వస్తుంది. యాసిడ్ తొట్టిలో ఎక్కువసేపు నానితే తుప్పుతో పాటు మంచి ఇనుమూ కరిగిపోతుంది. సరుకు వెంట పంపే కాగితం, అంటే చలాన్‌లో కేజీలు మాత్రమే రాసినవాడికి ఏడాది చివర లెక్క కుదరదు.

ఎంత బరువు పెరుగుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. గాల్వనైజింగ్‌కు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 4759 ప్రకారం అయిదు మిల్లీమీటర్లు, అంతకంటే మందమున్న ఉక్కుకు చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు ఉండాలి. రెండు నుంచి అయిదు లోపు మందానికి 460, రెండు లోపు 340. ఆరు మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరు 47.1 కేజీలు తూగుతుంది. రెండు వైపులా జింకు పట్టింది కాబట్టి 1.22 కేజీలు కలుస్తుంది, అంటే 2.6 శాతం. మూడు మిల్లీమీటర్ల ప్లేటుకు 23.55 కేజీల మీద 0.92 కేజీలు, దగ్గరదగ్గర నాలుగు శాతం. ఇవి కనీసం ఉండాల్సిన పూతతో వేసిన లెక్కలు. ఉక్కులో సిలికాన్ ఎక్కువుంటే జింకు ఇంకా మందంగా పడుతుంది, బరువు ఇంకా పెరుగుతుంది. గని, శకునాల ఊళ్ళ వైపు సోలార్ పార్కుల స్టాండ్ల లాంటి పల్చటి సెక్షన్లు గాల్వనైజింగ్‌కు పోయినప్పుడు ఈ తేడా బాగా కనిపిస్తుంది. పది టన్నులు పంపితే పది టన్నుల నాలుగు వందల కేజీలు వెనక్కి వస్తుంది. పౌడర్ కోటింగ్‌లోనూ తక్కువేం కాదు. 70 మైక్రాన్ల పూతకు చదరపు మీటరుకు ఒక వైపు నూరు గ్రాములకు పైనే పౌడర్ పడుతుంది. ఒక మిల్లీమీటరు షీటుకు రెండు వైపులా కొడితే రెండున్నర శాతం పైన పెరుగుతుంది.

జాబ్ వర్క్‌కు పంపి తెప్పించుకున్న సరుకు లెక్క చూపే ఐటీసీ-04 ఫారంలో నష్టం, వృథా రాయడానికి గడి ఉంది. పెరిగిన బరువు రాయడానికి గడి లేదు. అక్కడే చాలామంది అకౌంటెంట్లు ఆగిపోతారు. కొందరు తిరిగొచ్చిన బరువునే తగ్గించి రాసేస్తారు. అప్పుడు కాటా చీటీకీ, చలాన్‌కూ, ఫారానికీ పొంతన ఉండదు. నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే: చలాన్‌లో ప్రమాణం పీసులు పెట్టండి. బరువు పక్కన వివరణ గడిలో "నల్ల బరువు సుమారు ఇంత" అని రాయండి. పీసులు పోయినన్ని రావాలి. రాకపోతే ఎన్ని తక్కువో చెప్పగలగాలి. బరువు పెరిగినా తరిగినా పీసులు మారవు.

బోల్టులు, నట్లు, వాషర్ల లాంటి చిన్న సరుకుకు ఇది కుదరదు. డ్రమ్ములో వేసి తిప్పుతూ ప్లేటింగ్ చేస్తారు, వాటిని ఎవరూ లెక్కపెట్టరు. అప్పుడు కేజీలే రాయాలి. పంపే ముందు నూరు బోల్టులు తూచి, ఆ బరువు చలాన్ మీద రాసి ఉంచుకోండి. తిరిగొచ్చాక మళ్ళీ నూరు తూచండి. ఎనిమిది మైక్రాన్ల జింకు ప్లేటింగ్‌కు చదరపు మీటరుకు 57 గ్రాములే కాబట్టి తేడా చిన్నదే. ఒక్కో లాట్‌లో గుప్పెడు బోల్టులు డ్రమ్ము సందుల్లోనో తొట్టి అడుగునో మిగిలిపోతాయి. వాటిని నష్టం గడిలో నిజాయితీగా రాస్తే సరిపోతుంది. నెల నెలా అరశాతం తగ్గడం అనుమానం కాదు. ఒక్క నెలలో ఒక్కసారిగా ఎనిమిది శాతం తగ్గితే అడగాలి.

చలాన్ ఎలా ఉండాలో 55వ నియమం చెబుతుంది. మూడు ప్రతులు: అసలు సరుకు అందుకునేవాడికి, రెండోది బండివాడికి, మూడోది పంపినవాడి దగ్గర. నంబర్ పదహారు అక్షరాలు మించకూడదు, వరుస క్రమంలో ఉండాలి. ఇద్దరి పేర్లు, చిరునామాలు, జీఎస్టీ నంబర్లు, హెచ్‌ఎస్‌ఎన్, సరుకు పేరు, పరిమాణం, విలువ, సంతకం. విలువ గడి ఖాళీగా వదలడమో "అమ్మకానికి కాదు" అని రాసి ఊరుకోవడమో పొరపాటు. విలువ లేకపోతే ఈ-వే బిల్లుకూ ఆధారం ఉండదు, ఏదైనా పోయినప్పుడు ఎంత పోయిందో చెప్పడానికీ కాగితం ఉండదు. మీ పుస్తకంలో ఆ సరుకు ఎంతకుందో అదే రాయండి.

ఈ-వే బిల్లులో సరఫరా రకం కింద "జాబ్ వర్క్" ఎంచుకోవాలి. గడువు రెండు వందల కిలోమీటర్లకు ఒక రోజు. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండు వందలు దాటుతుంది కాబట్టి రెండు రోజులు వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఒక తప్పు చాలా సాధారణంగా జరుగుతుంది. ప్లేటింగ్ షాపువాడు తన కూలి బిల్లు మీదే ఈ-వే బిల్లు తీస్తాడు, 9988 కోడ్‌తో, ఆరు వేల కూలి విలువతో. బండిలో ఉన్నది సేవ కాదు, బ్రాకెట్లు. ఈ-వే బిల్లు బ్రాకెట్ల హెచ్‌ఎస్‌ఎన్‌తో, చలాన్ విలువతో, "జాబ్ వర్క్ రిటర్న్స్" రకంతో తీయాలి. కూలి బిల్లు వేరే కాగితం. అది బండిలో ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. సరుకు మొత్తం ఒకేసారి వస్తుంటే యజమాని చలాన్ మీదే జాబ్ వర్కర్ ఎండార్స్ చేసి పంపవచ్చు. విడతలుగా వస్తుంటే అది కుదరదు, ప్రతి విడతకూ జాబ్ వర్కర్ కొత్త చలాన్ రాయాలి. అందులో మీ అసలు చలాన్ నంబర్ రాయించుకోండి. ఆ నంబర్ లేకపోతే ఫారంలో ఏది దేనికి జమ అయిందో తేలదు.

ఒక షాపు నుంచి ఇంకో షాపుకు నేరుగా పోయే సరుకు ఈ పనిలో మామూలే. కటింగ్ ఒకచోట, వెల్డింగ్ ఒకచోట, గాల్వనైజింగ్ ఇంకోచోట. ప్రతిసారీ యజమాని గోడౌన్‌కు తెచ్చి మళ్ళీ పంపాల్సిన పని లేదు. మొదటి జాబ్ వర్కర్ చలాన్ రాసినా, యజమాని రాసినా చెల్లుతుంది. ఉక్కు అమ్మినవాడి దగ్గర నుంచి నేరుగా జాబ్ వర్కర్‌కు దింపించుకున్నా ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వస్తుంది, సెక్షన్ 19 అందుకే ఉంది.

గడువు లెక్క మాత్రం కఠినం. పంపిన రోజు నుంచి ఒక ఏడాదిలోపు సరుకు తిరిగి రావాలి, లేదా జాబ్ వర్కర్ దగ్గర నుంచే పన్ను కట్టి అమ్మేయాలి. నేరుగా జాబ్ వర్కర్‌కు దింపిన సరుకుకు అతనికి చేరిన రోజు నుంచి. యంత్రాలకు మూడేళ్ళు. ప్లేటింగ్‌కు తగిలించే జిగ్గులు, ఫిక్స్‌చర్లు, అచ్చులకు గడువే లేదు. తగిన కారణం చూపిస్తే కమిషనర్ సరుకుకు ఇంకో ఏడాది దాకా పొడిగించవచ్చు. గడువు దాటితే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. వెయ్యి బ్రాకెట్లు, ఒక్కోటి 250 రూపాయలు, 2,50,000 రూపాయల సరుకు 2024 జూన్ 10న పంపారు. ఏడాది దాటినా రాలేదు. అప్పుడు చట్టం ఏమంటుందంటే, ఆ సరుకు 2024 జూన్ 10నే మీరు అమ్మేసినట్టు. పన్ను 45,000. 2025 జూన్ రిటర్న్‌లో చూపించాలి. మొదటి రోజు నుంచి ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ, అంటే ఇంకో 8,100. ఆ తర్వాత సరుకు తిరిగొస్తే అది జాబ్ వర్కర్ మీకు అమ్మినట్టు లెక్క, అతనికి రిజిస్ట్రేషన్ ఉంటే దాని మీద అతను పన్ను వేయాలి. ప్లేటింగ్ షాపు మూలలో "తర్వాత చేద్దాంలే" అని పక్కన పెట్టిన రెండు బస్తాల కోసం ఇంత అవసరమా అనిపిస్తుంది. అందుకే పదకొండో నెలలో ఒకసారి పాత చలాన్లన్నీ తిరగేయాలి. చెయ్యని సరుకును చెయ్యకుండానే వెనక్కి తెప్పించుకున్నా గడువులోపు తిరిగొచ్చినట్టే. మళ్ళీ కొత్త చలాన్ మీద పంపుకోవచ్చు.

ఎక్సైజ్ కాలం నుంచి ఉన్నవాళ్ళు ఇప్పటికీ 180 రోజులు అంటారు. అది పాత సెన్‌వాట్ నిబంధన. అలాగే ప్లేటింగ్, యానోడైజింగ్, పౌడర్ కోటింగ్ పనులకు కోటిన్నర దాకా సేవా పన్ను మినహాయింపు ఉండేదని గుర్తు చేసుకుంటారు. ఉండేది నిజమే కానీ సైకిల్, కుట్టు మిషన్ విడిభాగాల తయారీలో భాగంగా చేసే పనికే. జీఎస్టీలో అది లేదు.

ఐటీసీ-04 వేయాల్సింది సరుకు యజమాని, జాబ్ వర్కర్ కాదు. గత ఏడాది టర్నోవర్ అయిదు కోట్ల లోపు అయితే ఏడాదికి ఒకసారి, ఏప్రిల్ 25లోపు. దాటితే రెండుసార్లు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా చేసిన పనికి అక్టోబర్ 25, మిగతా సగానికి ఏప్రిల్ 25. పంపినవి నాలుగో పట్టికలో. తిరిగొచ్చినవి 5ఏ, వేరే జాబ్ వర్కర్ దగ్గర నుంచి వచ్చినవి 5బీ, అక్కడినుంచే అమ్మినవి 5సీ. పంపేటప్పుడు పీసులని రాసి, వచ్చేటప్పుడు కేజీలని రాస్తే ఆ ఫారం ఎవరికీ పనికిరాదు.

సరుకు చెడిపోవడం ఈ పనిలో రోజూ ఉండేదే. బుడగలు లేస్తాయి, పొర ఊడుతుంది, మూలల్లో నల్లగా ఉండిపోతుంది. కారణం చాలావరకు ముందు కడుగుడులోనే ఉంటుంది. నూనె పూర్తిగా పోలేదంటే పూత పట్టుకోదు. తిరిగి చేయడానికి జింకును యాసిడ్‌లో తీసేసి మళ్ళీ వేస్తారు, ఈ రెండోసారిలో అసలు ఇనుమూ కాస్త తరుగుతుంది. జాబ్ వర్కర్ ఉచితంగా మళ్ళీ చేస్తే పన్ను లేదు. సరుకు మీ దగ్గరికి వచ్చాక తిప్పి పంపుతుంటే కొత్త చలాన్ రాసి "మళ్ళీ చేయడానికి, ఉచితం" అని రాయండి. అక్కడే పట్టుకుని మళ్ళీ చేయిస్తే పాత తేదీ నుంచే ఏడాది లెక్క నడుస్తుంది.

కొన్ని మాత్రం మళ్ళీ చేసినా బాగుపడవు. 10.9, 12.9 లాంటి గట్టి గ్రేడు బోల్టులను యాసిడ్‌లో ముంచి ప్లేటింగ్ చేసినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చేరుతుంది. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాల్చకపోతే, ఆ బోల్టు బిగించిన తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజులకు, తల తెగి పడొచ్చు. పైకి చూస్తే పసుపు మెరుపుతో చక్కగా ఉంటుంది. ఇలా పాడైన సరుకు మీద యజమాని తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి తేల్చుకోవాలి. పోయిన, నాశనమైన, కొట్టివేసిన సరుకుకు క్రెడిట్ లేదని సెక్షన్ 17(5)(హెచ్) చెబుతుంది. అలాగని ప్రక్రియలో సహజంగా తరిగినది ఇందులోకి రాదు. పాడైన బోల్టులను అక్కడే పారేయించి పుస్తకంలో కొట్టేస్తే క్రెడిట్ వెనక్కి కట్టాలి. తుక్కుగా వెనక్కి తెప్పించుకుని, పన్ను వేసి తుక్కు బిల్లు మీద అమ్మితే మీ వాదనకు కాగితం ఉంటుంది. కాబట్టి పాడైనది కూడా చలాన్ మీద వెనక్కి రావాలి.

నష్టం జాబ్ వర్కర్ భరిస్తున్నాడా? అది రెండు రకాలు. కూలి తగ్గించుకుంటే అతను మీకు క్రెడిట్ నోట్ ఇవ్వాలి, పన్నూ ఆ మేరకు తగ్గుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకా, లేదా వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే అప్పటిదాకా, దానికి అవకాశం. అలా కాకుండా బోల్టుల ఖరీదు పరిహారంగా రాబట్టుకుంటే, నష్ట పరిహారం సరఫరా కాదని 2022 ఆగస్టు 3న వచ్చిన 178వ సర్క్యులర్ చెప్పింది. దాని మీద 18 శాతం వేయకూడదు. డెబిట్ నోట్ మీద "పరిహారం" అని రాయండి, "అమ్మకం" అని కాదు.

గాల్వనైజింగ్ తొట్టి అడుగున చేరే డ్రాస్ (జింకు మడ్డి), పైన తేలే బూడిద ఎవరివి అన్న తగువు వస్తుంటుంది. జింకు జాబ్ వర్కర్‌ది అయితే అవీ అతనివే. అతని సొంత అమ్మకం, హెచ్‌ఎస్‌ఎన్ 2620 కింద. యజమాని ఇనుము నుంచి వచ్చిన తుక్కు మాత్రం యజమానిది. జాబ్ వర్కర్‌కు రిజిస్ట్రేషన్ ఉంటే అతనే పన్ను కట్టి అమ్మవచ్చు, లేకపోతే యజమాని అమ్మాలి. 2024 అక్టోబర్ 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేనివాడు రిజిస్టర్ అయినవాడికి లోహపు తుక్కు అమ్మితే కొన్నవాడే రివర్స్ చార్జీ కింద పన్ను కట్టాలి.

చిన్న ప్లేటింగ్ షాపుకు రిజిస్ట్రేషన్ ఎప్పుడు కావాలి? మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకు 40 లక్షలు. కానీ జాబ్ వర్క్ సేవ కదా, కాబట్టి 20 లక్షలే. ఈ లెక్కలో కూలి మాత్రమే వస్తుంది, కస్టమర్ సరుకు విలువ రాదు. ఇరవై లక్షల లోపు ఉండి వేరే రాష్ట్రానికి పని చేసినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 50 లక్షల లోపు వాళ్ళకు టర్నోవర్ మీద ఆరు శాతం కట్టే కాంపోజిషన్ పథకం ఉంది కానీ, వేరే రాష్ట్రం కస్టమర్లకు పని చేయకూడదు, కస్టమర్‌కు క్రెడిటూ రాదు. గద్వాల నుంచీ కర్నూలుకు పని వచ్చే షాపులకు అది అసలు కుదరదు.

బిల్లు కొట్టేటప్పుడు ఈటీపీ (మురుగునీటి శుద్ధి) ఖర్చు, ప్యాకింగ్, కనీస లాట్ చార్జీ అని విడిగా చూపిస్తారు. విడిగా రాసినా అన్నీ కూలిలో భాగమే, అన్నిటికీ 18. కర్నూలు షాపు కర్నూలు కస్టమర్‌కు కేంద్రానికి 9, రాష్ట్రానికి 9గా రెండు ముక్కలు వేస్తుంది. హైదరాబాద్ షాపు కర్నూలు కస్టమర్‌కు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య వేసే జీఎస్టీ) వేస్తుంది. బిల్లు డబ్బు 180 రోజుల్లో ఇవ్వకపోతే కస్టమర్ తన క్రెడిట్ వెనక్కి కట్టాలి. బాకీ వసూలు చేసుకోవడానికి ఇది గుర్తు చేస్తే చాలాసార్లు పని జరుగుతుంది.

ప్లేటింగ్ షాపు ఖర్చులో పెద్ద భాగం కరెంటు. దానికి జీఎస్టీ లేదు కాబట్టి క్రెడిట్ కూడా లేదు. జనరేటర్ డీజిల్ జీఎస్టీ బయట ఉంది, దానికీ లేదు. జింకుకు, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు 18. సల్ఫ్యూరిక్, నైట్రిక్ యాసిడ్లు 2025 సెప్టెంబర్ 22 నుంచి 5కు దిగాయి. కొన్న సరుకుకు 18 కట్టి, పనికి 12 వేసిన రోజుల్లో పోగుపడిన క్రెడిట్‌కు రీఫండ్ అడగడానికి, ఆ నెల రిటర్న్ గడువు తేదీ నుంచి రెండేళ్ళు సమయం ఉంది. 2025 ఏప్రిల్‌దైతే 2027 మే 20 దాకా.

రేటు 18 కావడం వల్ల అసలు దెబ్బ తగిలింది వ్యవసాయ పనిముట్లు చేసేవాళ్ళకు. పారలు, కొడవళ్ళ లాంటి చేతి పనిముట్లకు పన్నే లేదు, కాబట్టి కోటింగ్ మీద కట్టిన పన్ను అంతా ఖర్చులో కలిసిపోతుంది. ట్రాక్టర్ కల్టివేటర్లు, గొర్రులు ఇప్పుడు 5 శాతం. కోటింగ్ కూలి 18. క్రెడిట్ పోగుపడుతుంది, రీఫండ్ అడిగితే 89(5) నియమం సూత్రంలో సరుకుల క్రెడిట్ మాత్రమే లెక్కకు వస్తుంది, సేవల క్రెడిట్ రాదు. జాబ్ వర్క్ సేవ. ఈ నియమం సరైనదేనని సుప్రీంకోర్టు 2021లో తేల్చేసింది.

లెక్క చూడండి. నెలకు పది లక్షల కల్టివేటర్లు అమ్మితే పన్ను 50,000. ఆరు లక్షల ఉక్కు మీద క్రెడిట్ 1,08,000. లక్ష కోటింగ్ కూలి మీద 18,000. మొత్తం 1,26,000. రీఫండ్ = 1,08,000 నుంచి, 50,000ను 1,08,000తో గుణించి 1,26,000తో భాగించినది తీసేయాలి. అంటే 1,08,000 మైనస్ 42,857, వచ్చేది 65,143. మిగిలిన 10,857 ఇరుక్కుపోతుంది. ఇప్పుడు ఆ లక్ష కూలిలో నలభై వేలు పౌడర్ ఖరీదే అనుకుందాం. పౌడర్ మీరే కొని, చలాన్ మీద కోటింగ్ షాపుకు పంపండి. కూలి బిల్లు అరవై వేలకు దిగుతుంది. పౌడర్ మీద కట్టిన 7,200 సరుకుల క్రెడిట్ అవుతుంది. సూత్రంలో 1,15,200 పెడితే రీఫండ్ 69,486. నెలకు 4,343 ఎక్కువ. పౌడర్ డబ్బాలు ఎన్ని వెళ్ళాయి, ఎంత వాడారు, ఎంత మిగిలింది అన్నది కూడా చలాన్, ఐటీసీ-04లోకి ఎక్కుతుంది, ఆ శ్రమ ఉంది. షేడు మారినప్పుడు సగం డబ్బాలు మిగిలిపోతాయి, వాటినీ ఏడాదిలోపు వెనక్కి తెచ్చుకోవాలి. అంతా చూసినా నెలకు పది లక్షల పైన అమ్మేవాళ్ళకు ఇది లాభమే.

ప్రొద్దుటూరు వైపు పని చేసేవాళ్ళు ఇదంతా చదివి 18 వేసుకోకండి. హెచ్‌ఎస్‌ఎన్ 71వ అధ్యాయం కింద వచ్చే బంగారం, వెండి నగలు, గిల్టు నగల మీద చేసే జాబ్ వర్క్‌కు, పూత పెట్టినా పాలిష్ వేసినా, 5 శాతమే. వజ్రాల పనికి ఒకటిన్నర. అదే తొట్టిలో ఇత్తడి తలుపు పిడికి బంగారు పూత పెడితే మాత్రం అది 71 కాదు, 18 శాతం. కాబట్టి అలాంటి షాపులు కస్టమర్ చలాన్ మీద హెచ్‌ఎస్‌ఎన్ చూడకుండా సరుకు దించుకోకూడదు. ఆ నంబర్‌ను కూలి బిల్లు కింద వివరణలో రాసి పెట్టుకోవాలి. తర్వాత అయిదు ఎందుకు వేశారని అడిగినవాడికి అదే జవాబు.